ఆలస్యం బరువు

"నక్షత్రాన్ని ఏ తక్కెడలో తూస్తారే, యకోమీనా?" దక్షిణాఫ్రికాలోని కారూ ఎడారిలో, మా ఇంటి వసారాలో అమ్మ నవ్వింది.

నేను ఇక్కడి రేడియో టెలిస్కోపులో పనిచేస్తాను. "న్యూట్రాన్ నక్షత్రం గడియారంలా కొట్టుకుంటుందమ్మా. పక్కనే ఆరిపోయిన జంట నక్షత్రం ఉంటుంది. దాన్ని దాటి వచ్చేటప్పుడు, దాని బరువు లాగడం వల్ల న్యూట్రాన్ నక్షత్రం సంకేతం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని బట్టే రెండింటి బరువూ, లోపలి పదార్థం ఎంత చిక్కనో తెలిసేది."

"ఆలస్యమంటే మీ నాన్నదే. రోజూ చల్లారిన కాఫీ తెస్తాడు. కొడుకు పోయినా కన్నీటిచుక్క రాల్చని మనిషి!"

లోపల నాన్న అడుగుల చప్పుడు వంటింట్లోంచి బయల్దేరింది. తమ్ముడి గది ముందు ఆగిపోయింది.

ఇద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం. చాలాసేపటికి మళ్లీ కదిలింది.

"చల్లారిపోయిందా?" కప్పు అందిస్తూ అడిగాడు నాన్న.

"లేదయ్యా, వేడిగానే ఉంది," అంటూ అమ్మ చివరిదాకా తాగింది.