వినీల గ్రంథాలయం

"మేకు గట్టిగా దిగిందా, షాహీనా టీచర్?" కిందనుంచి అడిగాడు మాథ్యూ సార్.

"దిగింది సార్." షాహీనా స్టూలు దిగి సుత్తి కిటికీలో పెట్టింది.

ఇవాళ బడికి లైబ్రరీ వస్తోంది. బడి అంటే రేకుల షెడ్డు. సముద్రం ఊరిని కోసుకుపోతే మైపాడు రోడ్డు పక్కన గుడిసెలేసుకున్న వాళ్ల పిల్లలూ, రొయ్యల గుంటల దగ్గర కాపలా కాసే యానాదుల పిల్లలూ చదివేది ఇక్కడే. ఉన్న కాసిని పుస్తకాలు పోయిన తుఫానుకి నాని ఉబ్బిపోయాయి. అప్పటినుంచి పిల్లలు బజ్జీలు చుట్టిన కాగితం కూడా విప్పి చదువుతున్నారు. పుస్తకాల కోసం షాహీనా ఎక్కని గడప లేదు. ఇద్దరు దాతలు మాటిచ్చి మొహం చాటేశారు.

మూడో దాత హజరత్తయ్య. దర్గా మొక్కుకి పెట్టిన పేరు, మనిషి హిందువే. నెల్లూరు అవతల వరి పండించే పెద్ద రైతు. పోయిన కూతురి పేరు మీద పుస్తకాలూ, బీరువాలూ ఇస్తానని ఆయనే ఫోన్ చేశాడు. ఒకటే షరతు. కూతురి ఫొటో గోడకి ఉండాలి, దండ తీయకూడదు.

"ఫొటోదేముంది, హారతి ఇమ్మన్నా ఇస్తాం," అన్నాడు మాథ్యూ సార్. ఒక్క ఆదివారం కూడా చర్చి మానని మనిషి ఆ మాట అన్నాడంటే పుస్తకాల కరువు ఏ స్థాయిలో ఉందో చూడండి.

సంతోషంగా ఉండాల్సిన రోజు. షాహీనాకి ఏమీ అనిపించడం లేదు. పొద్దున కృష్ణపట్నం డ్యూటీకి వెళ్తూ భర్త అర్మాన్ గుమ్మంలో ఆగి, "ఇవాళ సెలవు పెట్టరాదా?" అన్నాడు. "పుస్తకాలెవరు సర్దుతారు?" అంది.

"మొహం అట్లా పెట్టావేం?" అన్నాడు మాథ్యూ సార్. "ఈయన మాట తప్పే మనిషిలా లేడు."

"తెలుసు సార్. తప్పడు."

చిన్న లారీ వచ్చింది. వెనకే కారు. తెల్ల పంచెలో హజరత్తయ్య దిగాడు. ఆయన వెనక భార్య వెంకటశేషమ్మ, చేతిలో సంచీ. షాహీనా కొంగు తలమీదికి లాక్కుని దణ్ణం పెట్టింది.

"ఈమే మా షాహీనా టీచర్. లైబ్రరీ కావాలని పట్టుబట్టింది ఈమే," అన్నాడు మాథ్యూ సార్.

"అట్నా," అని హజరత్తయ్య గోడ వైపు తిరిగాడు. "బీరువాలు గోడకి ఆనించబాకండి. చెమ్మ పడతాది."

కొత్త పుస్తకాల మధ్య ఒక పాత కట్ట ఉంది. మాథ్యూ సార్ తాడు విప్పి పైది తెరిచాడు. బొమ్మలో ఏనుగుకి ఎవరో ఆకుపచ్చ రంగు పూసిపెట్టారు.

"అరె, పాడుచేసినారే. ఇది తీసేద్దామా?"

"ఉండనీండి సార్," అంది షాహీనా. "పిల్లలకి నచ్చుతుంది."

పిల్లల్ని కూర్చోబెట్టారు. హజరత్తయ్య లేచి నిలబడ్డాడు. "మా వినీల పుస్తకాల పురుగు. కంచంలో అన్నం చల్లారిపోయినా పుస్తకం మూసేది కాదు. మీరు కూడా అట్నే చదవండి." ఇంకేదో చెప్పబోయి, కండువాతో మూతి తుడుచుకుని కూర్చున్నాడు.

"ఏం జబ్బు చేసిందండీ, పాపం?" మెల్లగా అడిగాడు మాథ్యూ సార్. ఎక్కడ ఏం అడక్కూడదో ఆయనకి ఎప్పటికీ తెలియదు.

"జబ్బేం లేదు. పోయింది, అంతే. పెద్దదినం నాడు ఊరందరికీ భోజనాలు పెట్టినాము."

"మీ పక్క కూడా బళ్లున్నాయి కదా. ఇంత దూరం..."

"ఈ బడికే ఇయ్యాలనిపించింది."

వెంకటశేషమ్మ షాహీనా దగ్గరికి వచ్చింది. సంచీలోంచి నిమ్మకాయ ఊరగాయ సీసా తీసి చేతిలో పెట్టింది. సీసా పెట్టాక చెయ్యి వదల్లేదు.

"అన్నం తిన్నావా మా?"

"తిన్నానండీ."

"తినాల. పిల్లకాయలతో నోరు నొప్పి పుట్టే పని గదా."

"శేషమ్మా, రా. పొద్దుపోతా ఉంది," అన్నాడు హజరత్తయ్య, ఇటు తిరక్కుండానే. ఆవిడ చెయ్యి వదిలింది.

"పోయిన బిడ్డ గుర్తొచ్చి ఉంటుంది," అన్నాడు మాథ్యూ సార్ షాహీనా చెవి దగ్గర.

"అవును సార్."

హజరత్తయ్య కారులోంచి పేపర్లో చుట్టిన ఫొటో తెచ్చి బల్లమీద పెట్టాడు. దానిమీద గంధపు చెక్కల దండ పెట్టాడు. "మేము పోయినాక తగిలించండి," అని వెళ్లిపోయాడు. మాథ్యూ సార్ వాళ్లని సాగనంపడానికి రోడ్డు దాకా పరిగెత్తాడు.

ఇంకా సర్దనన్నా లేదు, పిల్లలు పుస్తకాల మీద పడ్డారు. తలా ఒకటి పట్టుకుని పైకి చదువుతున్నారు. షెడ్డంతా గోల. ఎవరో పిల్ల ఆకుపచ్చ ఏనుగుని చూసి పడీపడీ నవ్వుతోంది. ఇంక ఈ పుస్తకాలని ఎవరూ వెనక్కి తీసుకుపోరు. ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని షాహీనా కాసేపు అలాగే నిలబడింది. రాలేదు.

ఫొటో తీసుకుని స్టూలు ఎక్కింది.

పేపరు విప్పి, పెళ్లయి పేరు మారకముందు పదో తరగతి పాసైన రోజు నాన్న నెల్లూరు తీసుకెళ్లి తీయించిన తన ఫొటోని మేకుకి తగిలించి, దండ సరిగ్గా వేసింది షాహీనా.