ఇంకో తొవ్వల వచ్చిన పిలుపు

దయ్యం మూడోసారి పిలవదని, చర్ల అడవి పల్లెల్లో రాత్రిపూట ఎవరు పిలిచినా మూడోసారి దాకా పలకరు. ఆ దిక్కుమాలిన కట్టుబాటుకే పుల్లమ్మ మొగుడు ఇన్నయ్య బలయ్యాడు. పాము కరిచి వచ్చి ఒక్కసారే పిలిచాడు. ఆమె పలకలేదు. తెల్లారి చూస్తే గడపలో శవం.

మూడేళ్ల తర్వాత ఓ రాత్రి మనవరాలు దీవెన ల్యాప్‌టాప్‌లో రేడియో టెలిస్కోపులు తీసిన బొమ్మ చూపించింది.

"ఇవి నాలుగు చుక్కలు గావు నాయనమ్మా, ఒక్కటే గెలాక్సీ. నడుమ ఇంకో గెలాక్సీ బరువుకు వెలుగు వంగి నాలుగు తొవ్వల వస్తది. ఒకటి ముందు, ఒకటి ఎనక."

"ఎంత మొండిదే ఆ వెలుగు," పుల్లమ్మ మురిసిపోయింది. "సుట్టు తిరిగైనా చేరింది."

బయట కీచురాళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

"పుల్లీ, తలుపు తియ్."

ఇన్నయ్య గొంతే. దీవెన ఆమె చెయ్యి పట్టుకుంది. "మూడోసారి దాకా ఆగు నాయనమ్మా."

"ఆగే గదనే పోగొట్టుకున్న. ఇయ్యాల ఇంకో తొవ్వల వచ్చిండు," అంటూ పుల్లమ్మ గడియ తీసింది.