మూడింటి మోత

“నేల మీద జాగనే లేనట్టు సముద్రంల గాలిమరలు పాతుతదట! నేనైతే పంపేది లేదు,” అంటూ మొగిలి టిఫిన్ డబ్బా విసురుగా అందుకున్నాడు. ఓపెన్‌కాస్టు గనిలో బండలు పేల్చే చోట అతని డ్యూటీ.

“పాతేది నేను కాదు బాపు. వాటి పునాదికి లెక్క కడత. ఇయ్యాల మూడింటికి చెన్నై నుంచి ఫోన్ల ఇంటర్వ్యూ ఉన్నది,” అంది మమత.

“మూడింటికా?” గడప దగ్గర ఆగాడు. గోడ గడియారం వైపు ఓసారి చూసి వెళ్లిపోయాడు.

మమతకు ఏడుపొచ్చింది. ఇంత చదువు చదివింది ఈ ఒక్క ఉద్యోగం కోసమే. బాపు నోట ఒక మంచిమాటైనా రాకపాయె!

మూడు కాకముందే ఫోన్ మోగింది. మొదటి ప్రశ్నలు గడగడా చెప్పేసింది. మధ్యలో తల్లి సారవ్వ వచ్చి చెవిలో గుసగుసలాడింది. “పైల్స్ పైల్స్ అని గట్ల ఒర్రకు బిడ్డా. వాడకట్టంత వింటరు. పెండ్లి కావాల్సిన పిల్లవు!”

సముద్రం అడుగున దిగ్గొట్టే ఉక్కు స్తంభాన్ని పైల్ అంటారని ఆ తల్లికేం తెలుసు?

“పైల్ బరువు మోస్తుందని లెక్క తేలింది. ఇంకేం చూస్తావు?” అవతల పెద్దాయన అడిగాడు.

“ఒక్క అలకు అది విరగదు సర్. కానీ ప్రతి అలా దాన్ని వెంట్రుకవాసి వంచిపోతుంది. చుట్టూ ఉన్న మట్టి పూర్తిగా వెనక్కి రాదు. కోట్ల అలలకు మిగిలిన వంపంతా కూడాలి. అర డిగ్రీ దాటితే గాలిమర పనికిరాదు.”

“పుస్తకం అప్పజెప్పావు. సముద్రమే చూడనిదానివి, నువ్వు నమ్ముతావా ఇదంతా?”

మమతకు నవ్వొచ్చింది. ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉంది. గోడ గడియారంలో సరిగ్గా మూడు. “ఒక్క నిమిషం ఆగండి సర్. రోజూ మూడింటికి ఇక్కడి గనిలో బండ పేలుతుంది, మా ఇల్లు ఊగుతుంది. మీకే వినిపిస్తుంది.”

నిమిషం గడిచింది. ఇంకోటీ గడిచింది. వానొచ్చినా వరదొచ్చినా తప్పని మోత, ఇవాళే చప్పుడు లేదు!

“ఏం వినాలమ్మా?”

మమత దిక్కుతోచక చుట్టూ చూస్తే వీధి తలుపు కనబడింది. పరుగున వెళ్లి ఫోన్ కింద పెట్టి తలుపు లాగింది. అది నేలను గీరుతూ కర్రుమంది.

“ఏ ఒక్క పేలుడూ ఈ ఇంటిని కూల్చలేదు సర్. రోజుకింత వంచింది. ఇప్పుడు తలుపు పట్టదు. నేను నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు?”

అవతల పెద్దగా నవ్వు వినిపించింది. “ఎప్పుడు చేరతావు తల్లీ?”

మిగతా మాటలన్నీ అయి ఫోన్ పెట్టేశాక, మూడున్నరకు సారవ్వ బిడ్డ నోట్లో బెల్లంముక్క పెడుతుండగా ఢామ్మని మోగింది. ఇల్లు ఊగింది. “ఇప్పుడా మోగేది!” అని మమత పళ్లు నూరింది.

పొద్దుగూకాక మొగిలి ఆ తలుపును భుజంతో నెట్టుకుంటూ లోపలికొచ్చాడు. బిడ్డ ముఖంలోకి చూడకుండానే అడిగాడు.

“ఆ మోతకు నీ ఇంటర్వ్యూ ఖరాబైతదని, మా గని సారు గదువ పట్టుకొని బతిలాడి అరగంట ఆపిచ్చిన. మంచిగ ఇనబడ్డదా బిడ్డా?”