ఫారంలో రెండో గడి

అనకాపల్లి మెయిన్ రోడ్డులో జియావుద్దీన్ సెల్‌ఫోన్ల కొట్టుకి చెల్లెలు అఫ్సానా వచ్చింది. నచ్చినవాణ్ణి పెళ్లాడిందని మూడేళ్ల కిందట ఆమెతో మాట మానేశాడతను. బేరానికొచ్చిన మనిషితో మాట్లాడక చస్తాడా అన్నదే ఆమె ధైర్యం.

"సిమ్ము కావాలి."

మొహం చూడకుండానే ఫారం తీశాడు. "రెండు నంబర్లకి చవగ్గా మాటాడుకోవచ్చు. ఏ రెండో సెప్పండి. ఒకటి మీ ఆయనదేనా?"

"ఒద్దు. ఈ సిమ్మున్నట్టు ఆయనకి తెలిస్తే నన్ను బతకనివ్వడు."

పెన్ను ఆగింది. తల ఎత్తడం లేదు గనక, గాజు బల్లలోంచి ఆమె కాళ్లు కనిపించాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో చెప్పుల్లేకుండా వచ్చింది.

ఆమె అంకెలు చెప్పసాగింది. ఐదో అంకె దగ్గర ఆగిపోయింది. మిగతా ఐదూ అతనే వేసుకున్నాడు. అది తన నంబరే.

"రెండోది?"

"ఇంకెవరున్నారు నాకు? నువ్వూ ఎత్తనంటే ఈ సిమ్ము కూడా ఒద్దులే, భాయ్."

రెండో గడిలో అతనే తమ ఇంటి ల్యాండ్‌లైన్ నంబరు రాశాడు.

"దీనికి సెయ్యి. ఒక్క రింగుకే ఎత్తుతాది," అన్నాడు. "నువ్వు సేత్తావని అమ్మీ మూడేళ్లుగా ఆ ఫోను పక్కనే తొంగుంటంది."