టేపులో లేని చివరి రౌండు

"బావా, ఇది మామూలు పంచర్ కాదు," అన్నాడు బావమరిది, సైకిల్ ట్యూబును నీళ్ల తొట్టిలోంచి పైకెత్తి.

మెకానిక్ వంగి చూశాడు. గుండుసూది బెజ్జం.

"మొన్నా ఇదే బెజ్జం. అటుమొన్నా ఇదే. మనిషన్నవాడికి నెలకో పంచర్ పడుతుంది. ఈయనకి వారానికి మూడు. గుండుసూదులు ఈయన సైకిల్ కోసమే రోడ్డు మీద క్యూ కడుతున్నాయా, బావా?"

సైకిల్ ఆసామి షెడ్డు మూల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ముసలాయన. మండుటెండలో కూడా మెడకు మఫ్లరు. చేతిలో చిన్న నోట్‌బుక్కు. మూడు వారాలుగా వస్తున్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు. ఏమడిగినా నవ్వేవాడు.

"ఊరికే నవ్వేవాళ్లని నమ్మకూడదు," అన్నాడు టాక్సీ డ్రైవరు. ఆయన టాక్సీ ఆర్నెల్లుగా ఆ షెడ్డులోనే ఉంది. అందుకని ఆయనా అక్కడే ఉంటాడు.

షెడ్డులో పొద్దున్నే టేపు మొదలవుతుంది. పాతికేళ్ల కిందట రేడియోలో వచ్చిన కార్ల పందెం కామెంటరీ. అది ఆ వీధి కాకులకు కూడా కంఠతా వచ్చు.

"అన్నిట్లోకీ గొప్ప రేసంటే ఇదే," అన్నాడు మెకానిక్, రోజూ అన్నట్టే.

"నలుగురు గుద్దుకోకపోతే అదేం రేసండీ?" అన్నాడు డ్రైవరు.

"అలాగైతే నువ్వు పాలకి వెళ్లొచ్చినా గొప్ప రేసే," అన్నాడు బావమరిది. "వెంట్రుక వాసి తేడాతో గెలవాలి. అదీ మజా."

మెకానిక్ వాళ్ల మాటలు వినలేదు. ఆ రేసులో ఏడో నంబరు కారు నడిపింది అతని సొంత అన్న. ఇంజను బిగించింది తను. చివరి రౌండు దాకా అన్నే ముందున్నాడు. ఆ పూట తను రేసుకి వెళ్లలేకపోయాడు, రేడియో కూడా వినలేదు; అత్తగారింట్లో రికార్డు చేసిపెట్టిన ఈ టేపే మిగిలింది.

ఆ చివరి రౌండే టేపులో లేదు.

"ఏడో నంబరు మలుపు తిరుగుతోంది..." అని కామెంటరీ గొంతు పైకి లేచేసరికి, దాని మీద రికార్డయిపోయిన అత్తగారి గొంతు వచ్చేస్తుంది. "ఒరేయ్, ఇది తిరుగుతోందా? హలో! హలో!" ఆ తర్వాత ఐదేళ్ల బావమరిది రెండో ఎక్కం. అదీ తప్పులతో.

మర్నాడు పేపర్లో ఒక్క ముక్క వచ్చింది. ఇంజను దెబ్బతిని ఏడో నంబరుకు రెండో స్థానం.

ఏమైందని అడిగితే "పోనీలేరా" అన్నాడు అన్న. రెండేళ్ల తర్వాత జ్వరమొచ్చి, ఇంకేమీ చెప్పకుండానే పోయాడు.

అప్పట్నుంచి మెకానిక్ ఏ ఇంజను బిగించినా మూడుసార్లు విప్పి చూసుకుంటాడు. లోకంలో ఎవరి చేతినైనా నమ్ముతాడు, తన చేతిని తప్ప. టాక్సీ ఆర్నెల్లుగా కదలకపోవడానికి కారణం అదే.

"బావా, అటు చూడు. ఆయన పెదాలు."

ముసలాయన పెదాలు కదులుతున్నాయి. టేపుతో పాటే. రాస్తూనే ఉన్నాడు.

"మంత్రం," అన్నాడు బావమరిది.

"మంత్రం ఎవడైనా రాసుకుంటాడా? అది మన సామాన్ల లిస్టు. పానాలు లెక్కేస్తున్నాడు," అన్నాడు డ్రైవరు.

మెకానిక్ చేతులు తుడుచుకుని వెళ్లాడు. "ఏవండీ, ఏం రాస్తున్నారు?"

ముసలాయన తలెత్తకుండా రెండు వేళ్లు చూపించాడు, కాస్త ఆగమన్నట్టు.

"రెండు! లోపల ఇద్దరే ఉన్నారని బయటవాళ్లకి సైగ చేస్తున్నాడు!"

"ముగ్గురం ఉన్నాం కదరా," అన్నాడు డ్రైవరు.

"నిన్ను లెక్కలోకి తీసుకోలేదు."

"ముందు మీరెవరో చెప్పండి," గట్టిగా అడిగాడు మెకానిక్.

ముసలాయన టేప్‌రికార్డరు వైపు వేలు చూపించాడు. తర్వాత అదే వేలు తన గొంతు మీదుగా అడ్డంగా గీశాడు.

"చూశావా బావా! టేప్‌రికార్డరు ఇవ్వకపోతే గొంతు కోస్తాడట!"

పానాలు పోయినా మెకానిక్ ఊరుకునేవాడేమో. టేపు జోలికొస్తే ఊరుకోడు. రాస్తున్న నోట్‌బుక్కు చేతిలోంచి లాగేశాడు. సగం ఊడిన టైరుతోనే సైకిల్ని రోడ్డు మీద పెట్టాడు.

"మళ్లీ ఇటు రాకండి. పెద్దవారని ఊరుకుంటున్నాను."

ముసలాయన నోట్‌బుక్కు కోసం చెయ్యి చాపాడు. ఎవరూ ఇవ్వలేదు. పెన్ను జేబులో పెట్టుకుని, సైకిల్ని నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

"బతికిపోయాం," అన్నాడు బావమరిది. "చదువు బావా, ఏమేం కొట్టేద్దామనుకున్నాడో."

మెకానిక్ పైకే చదివాడు. "శ్రోతలకు నమస్కారం. ఇరవై రెండు కార్లు బారులు తీరి ఉన్నాయి..."

"ఇది మన టేపే కదా! కాపీ కొట్టాడు!"

పేజీలు తిరిగాయి. మాట పొల్లుపోలేదు. ఆఖరి పేజీ వచ్చింది. "ఏడో నంబరు మలుపు తిరుగుతోంది..."

అక్కడ అత్తగారు రాలేదు.

మెకానిక్ గొంతు తగ్గింది. "వేగం తగ్గించాడు! ఇంజను పోయిందంటున్నారు నా పక్కనున్నవాళ్లు. కాదు, కాదు. ఆ ఇంజను తుమ్మెదలా పాడుతోంది, నాకు ఇక్కడికి వినిపిస్తోంది. ఇంత బాగా బిగించిన ఇంజను నేనింతవరకు వినలేదు. ఏడో నంబరు తనంతట తనే ఆగుతున్నాడు. ఎందుకంటే ఎదురుగా..."

అక్కణ్నుంచి పేజీ అంచు దాకా ఒక గీత. పెన్ను జారిన గీత.

మెకానిక్ రోడ్డు మీదికి పరిగెత్తాడు. గాలి లేని టైరు జాడ మలుపు దాకా ఉంది. ఆ తర్వాత తారురోడ్డు.

షెడ్డులో బావమరిది అలవాటుగా టేపు మొదటికి తిప్పాడు.

మూడు వారాలుగా మూల స్టూలు మీద మఫ్లరు చాటున మూగగా కూర్చున్న ఆ గొంతు, "శ్రోతలకు నమస్కారం" అంది.