కారణం రాయండి

ఆ ఎర్ర పెట్టె వచ్చిందంటే నర్సుకు తల ప్రాణం తోకకొస్తుంది.

క్లినిక్‌లో చేతిరాత చీటీలు మానేసి ఎనిమిది నెలలైంది. డాక్టరు మందు పేరు చెబుతాడు, పక్కన కూర్చున్న నర్సు కంప్యూటర్లో కొడుతుంది, చీటీ ప్రింటై బయటకు వస్తుంది. అంతవరకూ హాయే.

ఫలానా మందు ఆ రోగికి పడదేమోనని కంప్యూటర్‌కు అనుమానం వచ్చిందా, ఎర్ర పెట్టె వచ్చి తెర మధ్యలో తిష్ఠ వేస్తుంది.

'అయినా ఇవ్వాలంటే కారణం రాయండి' అంటుంది. రాయనిదే కదలదు.

దగ్గు మందుకూ వస్తుంది, బలం బిళ్ళకూ వస్తుంది. బయట చూస్తే అరవై మంది. ఎన్నిటికని కారణాలు రాస్తుంది?

మొదటి వారంలోనే నర్సు ఉపాయం కనిపెట్టింది. కారణం దగ్గర ఒక్క చుక్క పెడితే చాలు, పెట్టె నోరు మూసుకుని పోతుంది.

డాక్టరు ఆమె తెలివికి ముచ్చటపడ్డాడు కూడా.

ఒక సోమవారం సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఈ వారంలో తమ మనిషి వస్తాడట, ఎలా వాడుతున్నారో చూస్తాడట.

మంగళవారం ఒక పెద్దాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ప్లాస్టిక్ ఫైలు.

"టోకెన్ తీసుకున్నారా?" అడిగింది నర్సు.

"నాకు జబ్బేం లేదమ్మా. మీ కంప్యూటర్ చీటీ గురించి డాక్టర్ గారిని ఒక మాట అడుగుదామని."

"ఓ, కంపెనీవాళ్ళా?"

"కాదమ్మా, నేను..."

"అలా చివరి కుర్చీలో కూర్చోండి. పిలుస్తాను."

పిలవలేదు. క్లినిక్ మూసేవేళకు ఆయనే లేచి వెళ్ళిపోయాడు.

బుధవారం మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అదే కుర్చీ.

"ఇంకా నేర్పేదేముంది? మనమే వాళ్ళకు నేర్పగలం" అన్నాడు డాక్టరు. "కూర్చోనీ. విసుగొచ్చి ఆయనే పోతాడు."

విసుగు రాలేదు. గురువారం మంచినీళ్ళ దగ్గర నర్సును ఆపాడు.

"డాక్టర్ గారికి తీరిక లేనట్టుంది. మీరైనా చెప్పండమ్మా."

ఫైల్లోంచి చీటీ ఒకటి తీశాడు. అడుగున ఉన్న ఒక్క వరుసే కనబడేలా మడిచి ఉంది. 'కారణం' అని ఉంది, దాని పక్కన చుక్క.

"ఈ చుక్కకు అర్థమేంటమ్మా? మూడు నెలల నుంచి చూస్తున్నాను, అంతుపట్టడం లేదు."

నర్సు నవ్వేసింది.

"అదా! అర్థమేం లేదండీ. ఏదో ఒకటి పెట్టకపోతే తెర మీద ఎర్ర పెట్టె కదలదు. అందుకని పెడతాను."

"అయితే కారణం ఏమీ లేదన్నమాట."

"ఏమీ లేదు."

ఆయన మరోసారి ఆ చుక్క వైపు చూశాడు.

"పెట్టెలో ఏం రాసుందో చదువుతారా?"

"చదువుతూ కూర్చుంటే సాయంత్రానికి పది మందిని కూడా చూడలేం. మీకేం, చల్లటి గదుల్లో కూర్చుని పెట్టెలు పెడతారు. చచ్చేది మేము."

ఆయనకు కోపం రాలేదు. తల ఊపాడు.

"నిజమే, పని ఎక్కువే. రోజుకు ఒక్కటైనా చదవండమ్మా. ఏదో ఒక్కటి."

చీటీని ఆమె బల్ల మీద పెట్టాడు.

"ఇది ఇక నాకు అక్కర్లేదు."

ఆయన వెళ్ళాక నర్సు దాన్ని కీబోర్డు కిందకు తోసేసింది.

శుక్రవారం ఒక బడి పంతులమ్మ వచ్చింది. గొంతునొప్పి, జ్వరం. డాక్టరు మందు చెప్పాడు, నర్సు కొట్టింది. ఎర్ర పెట్టె ప్రత్యక్షం.

వేలు చుక్క మీదకు వెళ్ళింది. అంతలో పెద్దాయన గుర్తొచ్చాడు. సరే, ఈ రోజు వంతు ఇదే అయిపోతుందిలే అనుకుని చదివింది.

'ఈ మందు ఈ రోగికి పడదు. గతంలో వాడినప్పుడు ఊపిరాడక ఆస్పత్రిలో చేరారు.'

నర్సు చుక్క మీద నుంచి వేలు తీసేసింది.

"సార్, ఒకసారి ఇటు చూడండి."

డాక్టరు చూశాడు. పంతులమ్మ వైపు తిరిగాడు.

"మీకు ఇంతకుముందు ఏ మందైనా పడలేదా?"

"చిన్నప్పుడండీ. చచ్చి బతికానట. పేరు నాకు గుర్తులేదు. మొదటిసారి వచ్చినప్పుడు మా అమ్మ మీ దగ్గర రాయించింది కదా."

డాక్టరు వెంటనే మందు మార్చాడు. కొత్త చీటీ తనే అందించాడు.

పంతులమ్మ వెళ్ళాక అన్నాడు.

"కంపెనీకి ఫోన్ చెయ్. ఆ పెద్దాయనతో నేనే మాట్లాడతాను. మూడు రోజులు బయట కూర్చోబెట్టాం, తప్పు చేశాం."

నర్సు ఫోన్ తీసేలోపే ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ సంచీతో లోపలికొచ్చాడు.

"నమస్తే మేడం. సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి."

"మీ పెద్దాయన వచ్చి వెళ్ళారు కదా?"

"పెద్దాయనా?" కుర్రాడు నవ్వాడు. "మా ఆఫీసులో ముప్పై దాటినవాళ్ళే లేరు మేడం. ఇటువైపు వచ్చేది నేనొక్కణ్ణే."

నర్సు కీబోర్డు కింద నుంచి చీటీ లాగింది. మడత విప్పింది.

తమ క్లినిక్ చీటీయే. అరవై ఒక్క ఏళ్ళ ఆవిడ, మోకాళ్ళ నొప్పి.

'హెచ్చరిక: రక్తాన్ని పలచబరిచే మందు వాడుతున్నారు. ఈ నొప్పి బిళ్ళ ఇస్తే లోపల రక్తస్రావం కావచ్చు.'

దాని కింద ఆ చుక్క.

వెనక ఇంకో కాగితం పిన్ను చేసి ఉంది. నాలుగు రోజుల తర్వాతి తేదీతో పెద్దాసుపత్రి వాళ్ళు ఇచ్చింది. 'మరణానికి కారణం' అన్నచోట వాళ్ళు చుక్క పెట్టి ఊరుకోలేదు, కడుపులో రక్తస్రావమని వివరంగా రాశారు.

అన్నిటికన్నా కింద, శవాన్ని తీసుకున్నవారు అన్నచోట, 'భర్త' అని రాసి పెద్దాయన సంతకం చేశాడు.