భీమరాజు వదిలిన తాడు

సత్తిరాజు సముద్రంలో పోయిన నెల్లాళ్లకి, వాళ్ల నాన్న భీమరాజు మాణిక్యాలరావు ఇంటికొచ్చాడు.

"రేపట్నించి నీ పడవలో నేనూ వత్తాను మాణిక్యం. వెనక తాడేసుకుని కూకుంటాను."

కాదనే మొహం మాణిక్యాలరావుకి లేదు.

"ఆయ్, అలాగే బాబాయ్," అన్నాడు.

డెబ్భై ఎనిమిదో సంవత్సరం అది. అంతర్వేది పక్కన ఆ పాలెంలో మోటారు పడవలున్నవాళ్లు ఒకరో ఇద్దరో. మిగిలినవాళ్లకి తెరచాపే దిక్కు. గాలిమీద పడవ పరుగెడుతుంటే, వెనక పొడవాటి దారం వదిలేవారు. చివరనున్న గాలానికి తెల్లటి కోడి ఈక కట్టేవారు. పారిపోతున్న చిన్న చేపనుకుని వంజరం చేప వచ్చి కరిచేది.

సత్తిరాజు పోయిన రోజూ అలాగే కరిచింది.

పడవలో మాణిక్యాలరావు, సత్తిరాజు ఇద్దరే ఉన్నారు. సత్తిరాజు తెరచాప సరిచేయడానికి లేచాడు. గాలి ఒక్కసారిగా మళ్లింది. తెర కింది కర్ర గిర్రున తిరిగి అతన్ని నీళ్లలోకి తోసేసింది. సరిగ్గా అప్పుడే మాణిక్యాలరావు దారం బిగుసుకుంది.

అంత బరువు అతని చేతికి ఎప్పుడూ తగల్లేదు.

"ఒరే మాణిక్యం, ఆగు," అని వెనకనించి కేక వినిపించింది. సత్తిరాజు నీటి మీదే ఉన్నాడు. మంచి ఈతగాడు. ఒక్క క్షణం, ఈ చేప లోపలికి రానీ అనుకున్నాడు మాణిక్యాలరావు. రెండు చేతులా లాగాడు. వంజరం పడవలో పడి తోక కొట్టుకుంది.

తల తిప్పి చూశాడు. పడవ చాలా దూరం వచ్చేసింది. రెండు అలల మధ్య ఒక చెయ్యి కనిపించింది. పడవ మళ్లించుకుని వెనక్కి వచ్చేసరికి అదీ లేదు. పొద్దు వాలేదాకా అక్కడే తిరిగాడు. ఆ చేపని సముద్రంలోకే విసిరేసి ఒడ్డుకొచ్చాడు.

"కర్ర తలకి తగిలింది బాబాయ్. పడ్డవాడు పడ్డట్టే మునిగిపోయేడు. మళ్లీ పైకి తేలనే లేదు," అని చెప్పాడు.

పాలెమంతా నమ్మింది. భీమరాజు కూడా మారుమాట అడగలేదు.

ఇప్పుడు ఆ భీమరాజే రోజూ తన పడవలో, తన పక్కనే.

ముసలాయన పద్ధతి వింతగా ఉండేది. చుట్టిన తాడుని గోనెసంచి కప్పిన బుట్టలో తనే తెచ్చుకునేవాడు. మాణిక్యాలరావు మధ్యలో నిలబడి తెరచాప ఎత్తే వేళకి వెనకనించి వదిలేసేవాడు. దించే వేళకి చుట్టేసుకునేవాడు. ఇంకొకర్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. దారి పొడుగునా వెనక్కి తిరిగే కూర్చునేవాడు.

ఒక్క చేపా పడేది కాదు.

"అంత లావు తాడుకి చేప రాదు బాబాయ్. నా సన్న దారం ఇత్తాను, తీసుకో."

"ఇది తెగిపోదురా," అనేవాడు భీమరాజు. గాలి ఊపందుకుంటే, "తెర కాస్త దించు. మెల్లగా పోనీ," అనేవాడు.

భీమరాజు చేతిలో చలవ పోయిందని, ఇక చేప పడదని ఒడ్డున అందరూ చెప్పుకున్నారు. ఆ చలవ పోగొట్టింది ఎవరో మాణిక్యాలరావుకి తెలుసు.

భీమరాజు భార్య లోవమ్మ ఇద్దరికీ కలిపి చద్దన్నం మూట కట్టి ఇచ్చేది. "మావాడు లేకపోయినా నువ్వున్నావు బాబూ. ముసలాయన్ని కనిపెట్టుకో," అనేది. అందులో తన వంతు మాణిక్యాలరావు ఆయన చూడకుండా నీళ్లలో వదిలేసేవాడు.

ఒకరోజు తెగించి నోరు తెరిచాడు.

"బాబాయ్, ఆ రోజు సత్తిగాడు..."

"గాలి తిరుగుతోంది. చుక్కాని చూసుకో," అన్నాడు భీమరాజు, వెనకనించి చూపు తిప్పకుండానే.

మళ్లీ ఆ మాట ఎత్తే ధైర్యం రాలేదు.

వానలు వెనకబట్టాక ఒకనాడు భీమరాజు జ్వరంతోనే బయల్దేరాడు. ఎంత చెప్పినా వినలేదు. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతోంది. తాడు కొసని పడవ అంచుకి ముడేసి, చాప మీద వాలిపోయాడు. కాసేపటికి నిద్రపట్టేసింది.

అప్పుడే మాణిక్యాలరావు దారానికి వంజరం పడింది. బారెడు చేప. లోపలికి లాగి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆ వెండి పొట్ట చూస్తే ఆ రోజు విసిరేసిన చేపే గుర్తొచ్చింది.

ఇది నాకొద్దు అనుకున్నాడు.

దీన్ని ముసలాయన తాడుకున్న గాలానికి తగిలించి మళ్లీ నీళ్లలో వదిలేస్తే? లేపి, "బాబాయ్, నీ తాడుకి పడింది చూడు," అంటే? చేతిలో చలవ తిరిగొచ్చిందని ఒక్క పూటైనా నవ్వుతాడు. లోవమ్మ వాకిట్లో చేపని దించి, తన చేత్తో తనే పట్టానని చెప్పుకుంటాడు. తను చేసినదానికి అది ఏ మూలకీ చాలదు. అయినా చేతనైంది అదే.

చుక్కానిని తాడేసి కట్టాడు. భీమరాజుకి మెలకువ రాకుండా ముడి విప్పాడు. ముట్టుకోవద్దన్న తాడుని మొదటిసారి ముట్టుకున్నాడు. బారలు బారలుగా లోపలికి లాగాడు. ఎంత లాగినా వస్తూనే ఉంది. ఒక చంకలో చేప జారిపోతుంటే అదిమిపట్టుకున్నాడు.

ఆఖరి బార పడవ అంచు దాటి లోపలికొచ్చింది.

తాడు చివర గాలం లేదు. ఈదుతున్న మనిషి రెండు చేతులా పట్టుకోగలిగేంత కర్ర, చేతులు జారిపోకుండా దానికి చుట్టిన పాత పంచెగుడ్డ ఉన్నాయి.